ఊదా మరక

ఈ దూడతోలు పుటలో
మూడో వరుస చివర మరక చూశావా, పిల్లాడా?
సిరా కాదది.
గోకకు. గోకితే పోదు, నేను ప్రయత్నించాను.
అది మా అక్క బొటనవేలు.

అప్పటికి నాకు ఏడేళ్లు.
ఆటు వేళ ఇసుకబాట తేలే ఈ దీవిలో
ఈకను కలంగా చెక్కడం నేర్చుకుంటున్నాను.
ఓర్నట్‌కి పన్నెండు.
అవతలి ఒడ్డున నాన్నతో కలిసి
పడవలకు ఎద్దుతోళ్లు కుట్టేది.
సూది విరిగినా నోరు ఆగేది కాదు.

సావిన్ పొద్దు గుంకితే
ముళ్లపొదల్లో మిగిలిన నల్లపళ్లు మనవి కావు.
అవి 'అవతలివాడి' వాటా.
వాడికి వేరే పేరుంది.
చీకటి పడ్డాక మావాళ్లు పలకరు,
నేనూ రాయను.

అక్క పేరు పలకలేదు. పళ్లు మాత్రం తినేసింది.
ఒకటి, రెండు, మూడు.
మూడోది నాలుక మీద ఉండగానే
మెడ మీద వేడి ఊపిరి.
నల్లగుర్రం.
కళ్లు తేనెమైనపు దీపాల్లా పసుపు,
జూలు నుంచి బురదనీళ్ల ధార.
"మూడు పళ్లు," అంది గుర్రం. "మూడు బాకీలు."

"రాసుకో," అంది అక్క,
మోకాళ్లు ఒకదానికొకటి కొట్టుకుంటున్నా.
అప్పుడు చూసింది సముద్రం వైపు.
చుక్కలు ఉండకూడని చోట
పదకొండు దివ్వెలు, ఒకే వరుసలో.
ఉత్తరాది ఓడలు.
ముందుకొయ్యల మీద పాముతలలు.

"నన్ను దీవికి చేర్చు. నాలుగో బాకీ వేసుకో."
గుర్రం నవ్వింది.
(గుర్రం నవ్వితే పళ్లు మరీ ఎక్కువ ఉంటాయట.)
"ఎక్కినవాళ్లని ఊబిలోకి విసరడం నా పని."
"ఈ ఒక్క రాత్రికీ పని మానెయ్."
"సరే. కానీ గంట మోగించనని మాటివ్వు.
ఆ ఇనుపగొంతు నా చెవిన పడితే
మంచునై చెదిరిపోతాను."
"నేను మోగించను," అంది అక్క.

ఆ సవారీ గురించి ఎన్నిసార్లడిగినా
ఒక్కటే చెప్పేది:
గాలి ముందుండలేదట, వెనకబడిందట.
డెక్కల కింద నీరు విరిగిన గాజులా చప్పుడు చేసిందట.

దీవిలో అందరం మొద్దునిద్ర.
అక్క అరుపును ఈదురుగాలి మింగేసింది.
తలుపులు బాదింది. పిడికిలి చిట్లింది, తలుపు కదల్లేదు.
గంట ఎదురుగానే ఉంది.
ఇచ్చిన మాటా ఎదురుగానే ఉంది.

అప్పుడు తన టోపీలోంచి ఉన్ని పీకి
గుర్రం చెవుల్లో కుక్కింది.
కిటికీలోంచి దూరి, నా కాలు పట్టి ఈడ్చి
గంటను నా చేతుల్లో పెట్టింది.
"నేను మోగించనన్నాను, ఫెహీన్.
నువ్వు అనలేదుగా."

మోగించాను!
భుజం ఊడిపోయేలా, పళ్లు జలదరించేలా.
ముసలి కోల్గు ఒంటిచెప్పుతో పరిగెత్తుకొచ్చాడు.
పుస్తకాలు చంకల్లో, పసివాళ్లు భుజాల మీద,
నడుములోతు పోటునీటిలో
అందరం ఒడ్డుకేసి నడిచాం.

ఒక చెవిలో ఉన్ని జారిందట.
అందుకే గుర్రం సగమే చెదిరింది.
ఆ సగం గుర్రమంత మంచు
దీవినీ, దారినీ, మమ్మల్నీ కప్పేసింది.
తెడ్ల చప్పుడు మా పక్కనుంచే పోయింది.
ఎవడో తెలియని భాషలో తిట్టాడు, తుమ్మాడు.
అంతే. దాటిపోయారు.

అక్క మోసిన పుస్తకమే ఇది.
పళ్లరసం ఆరని వేలితో
ఈ పుట పట్టుకుని నడిచింది.

నాలుగు బాకీలూ ఎలా తీర్చిందని కదా నీ ప్రశ్న?
నాకు చెప్పలేదు.
ఏటా సావిన్ మర్నాడు ఉదయం
ఆమె చెప్పుల నిండా ఊబిబురద ఉండేది,
మొహం నిండా నవ్వు.
తల నెరిశాక కూడా.

సరే, దీపంలో కొవ్వు అయిపోతోంది.
ఈక ముంచు.
ఆ మరక చుట్టూ రాయి,
దాని మీద కాదు.